నీళ్లు పోస్తే కనిపించిన చెట్టు

మా నాన్న నెల్లూరులో నలభై ఏళ్లు వడ్రంగం చేశాడు. ఏ చెట్టు ముందు నిలబడినా నీడా పూలూ ఆయనకు తర్వాతి సంగతి, ముందు చూసేది దుంగ ఎన్ని అడుగులొస్తుంది, చేవ ఎంతుంటుంది, దూలానికి పనికొస్తుందా గుమ్మానికా అన్నదే. మోకాళ్ల నొప్పులతో పని మానేశాక ఈ జనవరిలో చెన్నైలో మా ఇంటికొచ్చి పది రోజులున్నాడు. మెరీనా బీచ్, కపాలీశ్వరుడి గుడి రెండు రోజుల్లో అయిపోయాయి. ఇంకేం చూపించాలా అని ఆలోచిస్తుంటే తిరువక్కరై గుర్తొచ్చింది. పుదుచ్చేరికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, విళుప్పురం జిల్లాలో ఉన్న ఊరు. అక్కడ చెట్లు రాళ్లయిపోయి పడి ఉన్నాయని చెబితే నాన్న ఒక్కటే అడిగాడు, "అంటే రంపం పట్టదా?" అని. పట్టదన్నాను. మర్నాడు తెల్లారకముందే చొక్కా వేసుకుని కూర్చున్నాడు.

కిలాంబాక్కంలో బస్సెక్కి తిండివనంలో దిగేసరికి ఊరివైపు వెళ్లే బస్సు కాస్తా వెళ్లిపోయింది. నాన్న మోకాళ్లతో బస్టాండులో గంటసేపు నిలబెట్టడం ఇష్టం లేక ఆటో మాట్లాడాను. మైలం దాటాక నేల రంగు మారుతూ వచ్చింది, ఎర్రటి ఇసుక నేల, అక్కడక్కడా జీడిమామిడి తోటలు. ఆటో అతనికి 'ఫాసిల్ పార్క్' అంటే అర్థం కాలేదు గానీ "కల్ మరం" అనగానే తలూపాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది. మనకూ చెట్టుకి మ్రాను అనే పాత మాటుంది కదా, వాళ్ల మరం మన మ్రాను ఒకే మాట. శిలాజం అనగానే బడి పుస్తకం గుర్తొస్తుంది, రాతిమ్రాను అంటే మాత్రం నాన్నకి కూడా చెట్టు కళ్లముందు నిలుస్తుంది.

ఈ చోటు గురించి 1781లోనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త పియర్ సోనెరా రాశాడు. 1940లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ శిలాజ వనంగా ప్రకటించింది. మొత్తం 247 ఎకరాలు, తొమ్మిది ముక్కలుగా ఉంది, అందులో మనలాంటి వాళ్లని తిరగనిచ్చేది కొంత భాగమే. రెండు వందలకు పైగా చెట్లు, వయసు సుమారు 2 కోట్ల ఏళ్లు.

లోపలికి అడుగు పెట్టగానే నాకు కాస్త నిరుత్సాహంగా అనిపించిన మాట నిజం. ఎర్రమట్టిలో, పొదల మధ్య, కట్టె అడితిలో దింపి మర్చిపోయినట్టు దుంగలు పడి ఉన్నాయి. కొన్ని నా నడుము ఎత్తు లావు, కొన్ని ముక్కలు ముక్కలుగా విరిగి వరసగా ఉన్నాయి, ఎవరో గొడ్డలితో తుంచి పెట్టినట్టు. నిజానికి అవి రాయయ్యాక విరిగినవి. చెక్క విరిగితే పేడులు లేస్తాయి, ఇక్కడ అంచులన్నీ తెగిన రాయి అంచుల్లా నున్నగా ఉన్నాయి. పొడవైనవి 15 మీటర్ల దాకా ఉంటాయట.

నాన్న ఒక దుంగ పక్కన కింద కూర్చోలేక వంగి నిలబడి, చేతి వేళ్లతో తట్టాడు. ఖంగుమంది. వేలి గోరుతో గీసి చూశాడు. తర్వాత అడ్డంగా విరిగిన ముఖం వైపు వెళ్లి, చాలాసేపు చూసి, "దుమ్ము పట్టేసింది, ఆ నీళ్ల సీసా ఇలా ఇవ్వమ్మా" అన్నాడు. తాగడానికేమో అనుకుని ఇచ్చాను. ఆయన సీసా వంచి ఆ రాతి ముఖం మీద సన్నగా ధార పోశాడు. చిత్రిక పట్టిన చెక్క మీద తడిగుడ్డ రాసి పొర ఎటు పోతోందో చూడటం వడ్రంగుల అలవాటు, చిన్నప్పుడు మా ఇంటి పంచలో వందసార్లు చూశాను. బూడిద రంగు రాయి మీద నీళ్లు పారినంత మేరా ఉన్నట్టుండి వలయాలు లేచాయి! గోధుమరంగు, దాని పక్కన ఎరుపు, మళ్లీ గోధుమరంగు, ఒకచోట మూడు గీతలు దగ్గర దగ్గరగా ఇరుక్కుని, తర్వాతిది వేలెడు వెడల్పున. మధ్యలో ఒక పగులు, దాన్నిండా పంచదార పలుకుల్లా మెరిసే తెల్లటి గింజలు. నీళ్లు ఆరిపోయేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తడి ఆరగానే మళ్లీ మామూలు బండరాయి.

"మరి చెక్క ఏమైంది?" అన్నాడు నాన్న కాసేపటికి. అసలు ప్రశ్న ఇదే. నాకు తెలిసినంత మేరకు, ఆయనకు చెప్పినట్టే ఇక్కడా చెబుతాను.

చెట్టు పడిపోతే మామూలుగా ఏమవుతుంది? చెదలు, బూజు, వానలు కలిసి కొన్నేళ్లలో మట్టి చేసేస్తాయి. పడిన వెంటనే ఇసుకలోనో ఒండ్రులోనో లోతుగా పూడిపోతే మాత్రం గాలి అందదు, గాలి అందకపోతే కుళ్లబెట్టే సూక్ష్మజీవుల పని బాగా నెమ్మదిస్తుంది. ఆ లోపల భూగర్భ జలం కదులుతూ ఉంటుంది, అందులో రాళ్ల నుంచి కరిగొచ్చిన సిలికా ఉంటుంది, మామూలు ఇసుకలో ఎక్కువగా ఉండే పదార్థమే అది. చెక్కంటే గట్టి ముద్ద కాదు కదా, కోట్లాది సన్నని గొట్టాల కట్ట, బతికున్నప్పుడు వేరు నుంచి ఆకుకి నీళ్లు మోసిన గొట్టాలు. ఇప్పుడు ఆ గొట్టాల్లోకే సిలికా నీళ్లు చేరి, గోడలకు పొర పొరగా అంటుకుని గడ్డకడతాయి. గొట్టాలు నిండాక, గోడల్లోని చెక్క పదార్థం కూడా మెల్లగా పోతూ, పోయినచోటల్లా సిలికా చేరుతుంది. అచ్చులో మైనం పోసినట్టు కాదు ఇది, ఒక్కో కణం దగ్గర విడిగా జరిగే పని, అందుకే లోపలి అమరిక చెక్కుచెదరదు. నీళ్లలో ఇనుము ఉంటే ఎరుపు, పసుపు, మాంగనీసు ఉంటే నలుపు. ఆ పగుల్లో మెరిసినవి సిలికా తీరిగ్గా కట్టుకున్న స్ఫటికాలు.

దీనికంతా కోట్ల ఏళ్లు పడుతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేదాన్ని. జపాన్‌లో సిలికా ఎక్కువున్న వేడినీటి ఊటలో చెక్క ముక్కలు వేసి చూస్తే 7 ఏళ్లకే వాటి బరువులో మూడో వంతుకు పైగా సిలికా చేరింది. అంటే పూడటమూ, సరైన నీళ్లు దొరకటమూ కలిసి రావాలి, అది అరుదు. అది కలిసి రాకపోతే కథ వేరేలా ఉంటుంది. ఇక్కణ్ణుంచి దక్షిణంగా నైవేలిలో పాతకాలపు అడవి బురద నేలలో పూడిపోయి లిగ్నైట్ బొగ్గయింది. చెట్టు ఆకారం పోయింది, బొగ్గు మిగిలింది, ఆ బొగ్గు కరెంటు మన రాష్ట్రాలకూ వస్తుంది. తిరువక్కరైలో జరిగింది దానికి సరిగ్గా తిరగబడి, చెక్క పోయి ఆకారం మిగిలింది.

నేనిదంతా చెబుతుంటే నాన్న వింటూనే దుంగల మధ్య నడుస్తున్నాడు. ఏడో ఎనిమిదో దుంగ దగ్గర ఆగి, "ఒక్కదానికీ వేరు లేదు చూశావా" అన్నాడు. నిజమే. వేళ్లు లేవు, కొమ్మలు లేవు, బెరడు కూడా నాకెక్కడా కనిపించలేదు. ఒక్కటి కూడా నిలబడి లేదు, అన్నీ పడుకునే ఉన్నాయి. "ఇవి ఇక్కడ పెరిగినవి కాదమ్మా, కొట్టుకొచ్చినవి" అన్నాడు. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు దెబ్బతిన్న వరద ఆయన కళ్లారా చూశాడు. నీళ్లు తీశాక ఒడ్డున ఇసుకలో సగం కూరుకుపోయిన చెట్లన్నీ ఇలాగే ఉన్నాయట, కొమ్మలు ఊడి, బెరడు గీరుకుపోయి. ఇక్కడి చెట్ల గురించి భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పేదీ అదే: ఎక్కడో పైన పెరిగిన చెట్లను పెద్ద వరద మోసుకొచ్చి ఈ ఇసుకలో పూడ్చింది. ఇప్పుడు కడలూరు ఇసుకరాయి అంటున్నది ఆ ఇసుకనే. ఏ పుస్తకమూ చదవకుండా మా నాన్న లేని వేళ్లని చూసి ఆ మాట అనగలిగినందుకు నాకెంత గర్వంగా అనిపించిందో!

లేనిదాన్ని బట్టి చెప్పటం అంటే నాకు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలోని కోటసారస్ అనే డైనోసార్ గుర్తొస్తుంది. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర పన్నెండు జంతువులవి 840 దాకా ఎముకలు దొరికితే, వాటితో 44 అడుగుల అస్థిపంజరం నిలబెట్టారు. 1988లో పి. యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టారు. అన్ని ఎముకల్లోనూ తలకాయ లేదు, రెండు పళ్లు మాత్రమే దొరికాయి. కాబట్టి అక్కడ మనం చూసే తల ఊహించి చేసింది. ఇలాంటి జంతువుల పుర్రె సన్నని ఎముకలతో, మెడకు గట్టిగా అతుక్కోకుండా ఉంటుంది, చచ్చాక నీళ్లలో ముందు ఊడిపోయేది అదే. ఆ ఖాళీ కూడా ఆ జంతువు గురించి ఒక సంగతి చెబుతోంది, అయినా ఫొటోలు దిగేవాళ్లలో దాని గురించి అడిగేవాళ్లు తక్కువ. పక్కన పెద్ద అక్షరాలతో రాసి పెడితే బాగుండును.

సరే, వేళ్లూ ఆకులూ లేకుండా చెట్టు పేరు ఎలా తెలుస్తుంది అన్నది నాన్న తర్వాతి ప్రశ్న. దీనికి సగం జవాబు ఆయన దగ్గరే ఉంది. టేకు అడ్డంగా కోస్తే కంటికి కనిపించేంత చిల్లులుంటాయి, ప్యాకింగు పెట్టెల పైన్ చెక్కలో అవి ఉండవు. శాస్త్రవేత్తలు చేసేదీ ఇదే, కాకపోతే రాయిని కోసి 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, వెలుగు దూరేంత పల్చగా చేసి మైక్రోస్కోపు కింద పెడతారు. చిల్లులు ఎంత, ఎలా గుంపుగా ఉన్నాయి, అడ్డపొరలు ఎన్ని వరసలు అన్నదాన్ని బట్టి కుటుంబం తేలుస్తారు. ఇక్కడి కోనిఫర్ కలపను, అంటే పైన్ లాంటి చెట్ల కలపను, పరిశీలించినవాళ్లలో మొక్కల శిలాజాల శాస్త్రవేత్త బీర్బల్ సాహ్నీ ఒకరు. లక్నోలో ఆయన పెట్టిన సంస్థ భవనానికి 1949 ఏప్రిల్ 3న నెహ్రూ వేసిన శంకుస్థాపన రాయిలో సాహ్నీ స్వయంగా శిలాజాలు పొదిగించారు, ఆ తర్వాత వారం రోజులకే చనిపోయారు. ఉస్మానియాలో వృక్షశాస్త్రం చెప్పిన సి.జి.కె. రామానుజం దక్షిణ భారతపు రాతి కలప మీద 1960లో పెద్ద పరిశోధన ప్రచురించారు.

ఈ కడలూరు ఇసుకరాయిలో చింత కుటుంబపు చెట్లున్నాయి, తాటి జాతి చెట్లున్నాయి, సాల చెట్టు కుటుంబపు పెద్ద పెద్ద చెట్లూ ఉన్నాయి. ఆ చివరివాటికి దగ్గర చుట్టాలు ఇప్పుడు పడమటి కనుమల్లో, మలేసియా వైపు తడి అడవుల్లో పెరుగుతున్నాయి. అంటే ఈ ఎండ మాడ్చే జీడిమామిడి నేలకు ఒకప్పుడు దగ్గర్లోనే ఎడతెగని వానలు పడే పచ్చటి అడవి ఉండేది. ఏ మనిషీ చూడని వాన అది. దాన్ని ఇప్పుడు మనకు చెప్పే సాక్ష్యాల్లో ఈ చిల్లులూ ఒకటి.

బయటికొచ్చి వక్రకాళి అమ్మవారి గుడికి వెళ్లాం. గుడి ముందు పూలమ్మే ఆవిడ, మేం ఎక్కడి నుంచి వస్తున్నామో తెలిసి, అవి రాక్షసుడి ఎముకలని తమిళంలో చెప్పింది. నాన్నకి అనువదించి చెప్పాను. ఆయన సీరియస్‌గా తలూపి, "ఎముకకి వలయాలుండవు" అని పూలు తీసుకున్నాడు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఒక టికెట్ వెనక ఏదో రాస్తున్నాడు. చూస్తే ఆ మొదటి దుంగ చుట్టుకొలత, పొడవు, అన్నీ జానల్లో. ఎప్పుడు కొలిచాడో నేను చూడనే లేదు. కింద 'పేరు' అని రాసి ఖాళీ వదిలేశాడు.

నెల్లూరు వెళ్లాక వారం రోజులకి ఫోన్ చేశాడు. మా వీధిలో మాంసం కొట్టతను చింతమొద్దు మార్చాడట, పాతది అడిగి తెచ్చుకుని, అంచు చిత్రిక పట్టి నీళ్లు పోసి చూశాడట. "దాంట్లో కనపడినంత తేటగా దీంట్లో గీతలు లేవమ్మా. అది చింత కాదనుకుంటా, ఇంకేదో" అన్నాడు.