మేము అంటే ఎవరు?

అక్టోబరు వచ్చిందంటే కెనడాలో మా కిచెనర్ ఆఫీసులో నాకు అదనపు పని మొదలవుతుంది. పక్కనే ఉన్న వాటర్లూ యూనివర్సిటీ నుంచి జనవరిలో వచ్చి మా దగ్గర నాలుగు నెలలు పనిచేసే విద్యార్థిని ఎంచుకోవాలి. ఇక్కడ దీన్ని కో-ఆప్ అంటారు. జీతం మేమే ఇస్తాం. దరఖాస్తులు కుప్పలుగా వస్తాయి, మాట్లాడేది మాత్రం ఏడెనిమిది మందితో.

మొదటిసారి ఇంటర్వ్యూ చేసినప్పుడు తడబడింది నేనే. ఎదురుగా ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదివే పంతొమ్మిదేళ్ల అమ్మాయి. నన్ను పేరు పెట్టి పలకరించింది. ఈ దేశంలో ఇన్నేళ్లున్నా ఆ ఒక్కటి నాకు అలవాటు కాలేదు. కిందటిసారి పనిలో ఏం చేశావని అడిగాను. సెన్సర్లను పరీక్షించడానికి తాను రాసిన ప్రోగ్రాము తప్పుడు రీడింగులు ఇచ్చిందట. ఎవరినైనా అడగడానికి మొహమాటపడి రెండు వారాలు ఒక్కతే కుస్తీ పట్టిందట. "మొదటి రోజే అడిగి ఉంటే గంటలో తేలిపోయేది. ఇప్పుడు అడిగేస్తున్నాను" అంది, తల దించుకోకుండా. ఆ వెంటనే నాకే ప్రశ్న వేసింది: "ఇక్కడ నా పని ఎవరు చూస్తారు? ఎన్ని రోజులకు ఒకసారి?"

ఆ వయసులో ఇంటర్వ్యూలో ఎదురు ప్రశ్న వేయడం పొగరనుకునేదాన్ని నేను. గుంటూరు దగ్గర మా కాలేజీలో మూడేళ్లు పాఠాలు, నాలుగో ఏట మూడు వారాల సీఆర్‌టీ, అంటే కాలేజీకి వచ్చే కంపెనీల ఇంటర్వ్యూలకు శిక్షణ. ఎదురెదురుగా వచ్చే రైళ్ల లెక్కలు, ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లు గెలిచే గ్రూప్ డిస్కషన్లు. "నీ బలహీనత ఏమిటి?" అంటే "అతిగా కష్టపడటం" అని నలభై మందిమీ ఒకే జవాబు బట్టీ పట్టాం. పెళ్లికి ముందు రోజు రాత్రి వంట నేర్పినట్టు ఉండేది ఆ వ్యవహారం.

వాటర్లూలో కో-ఆప్ 1957 నుంచీ ఉంది, 74 మంది ఇంజినీరింగ్ విద్యార్థులతో మొదలైన తొలి తరగతి నుంచే. అంతకు ముందే, 1906లో, అమెరికాలో సిన్సినాటి యూనివర్సిటీ ఆచార్యుడు హెర్మన్ ష్నైడర్ ఈ పద్ధతిని ప్రారంభించాడు. ఇక్కడ ఇంజినీరింగ్ విద్యార్థి నాలుగు నెలలు చదువుతాడు, నాలుగు నెలలు పనిచేస్తాడు. కొందరు కాలేజీలో చేరిన నాలుగు నెలలకే మొదటి పనికి వెళ్లిపోతారు. కనీసం అయిదుసార్లు పని పూర్తి చేస్తేనే పట్టా.

నాకు నచ్చేది పని కన్నా దాని చుట్టూ అల్లిన చదువు. నివేదికలు రాయాలి, ఏం నేర్చుకున్నారో తమకు తాము తరచి చూసుకునే కోర్సులు చేయాలి. చివర్లో పైఅధికారిగా నేను మూల్యాంకనం నింపాలి. ఎంపిక కూడా ఒకవైపు నుంచే జరగదు. మేము విద్యార్థులకు ర్యాంకులు ఇస్తాం, వాళ్లు మా ఉద్యోగాలకు ఇస్తారు, రెండూ కలిపి కంప్యూటర్ జత కుదురుస్తుంది. ఒక ఏడాది మేము ఒకటో ర్యాంకు ఇచ్చిన అబ్బాయి మమ్మల్ని వెనక్కి నెట్టి ఇంకో చోట చేరాడు. రెండు రోజులు నొచ్చుకున్నాను.

అంతా బాగుందని కాదు. పరీక్షలకు చదువుతూనే ఇంటర్వ్యూలకు పరుగెత్తాలి. పని ఇంకో ఊళ్లో దొరికితే నాలుగు నెలలకోసారి గది ఖాళీ చేయాలి. తోటివాళ్లందరికీ ఉద్యోగం వచ్చి తనకు రాకపోతే పద్దెనిమిదేళ్ల పిల్లాడు ఎంత కుంగిపోతాడో ఏ మూల్యాంకన పత్రంలోనూ కనిపించదు.

అయినా ఆ పిల్లలను చూస్తే నాకు అసూయే. కెనడా వచ్చిన కొత్తలో నా మొదటి ఇంటర్వ్యూలో ప్రతి జవాబూ "మేము చేశాం" అనే చెప్పాను. చివరికి ఎదుటి ఆయన విసుగు అణచుకుంటూ అడిగాడు: "మేము అంటే ఎవరు? అందులో మీరేం చేశారు?" నోట మాట రాలేదు. పని చేయక కాదు, చాలా చేశాను. కానీ "నేను, నేను అనకు, దిష్టి తగులుతుంది" అని పెంచింది మా అమ్మ. చేసిన పనిలో నా వంతును విడదీసి చెప్పమని చదువుకున్న పదహారేళ్లలో ఎవరూ అడగలేదు. ఆ ఉద్యోగం రాలేదు.

మొన్న ఆదివారం మా అక్క కొడుకు విజయవాడ నుంచి ఫోన్ చేశాడు. "పిన్నీ, సీఆర్‌టీ మొదలైంది. నా రెజ్యూమే ఒకసారి చూస్తావా?" చూశాను. ఆఖరి ఏడాది ప్రాజెక్టు దగ్గర "మేము రూపొందించాము" అని ఉంది.

"నలుగురూ కలిసి చేశారు, సరే. అందులో నీ వాటా ఏమిటిరా?"

అటు నుంచి కాసేపు ఉలుకూ పలుకూ లేదు.

"అమీర్‌పేటలో కొన్నాం పిన్నీ. నాలుగు వేలు. నా వాటా వెయ్యి."