చిల్లకంప బొగ్గవుతుంది సరే, పీడ పోతుందా?

చిల్లకంపని, అదే సర్కారు తుమ్మని, కొట్టి బొగ్గు చేసి అమ్మేస్తే ఆ చెట్టు పీడ వదిలిపోతుందని ఈమధ్య చాలామంది అంటున్నారు. బొగ్గు వరకు నిజమే. పీడ వదలడం సంగతే నాకు నమ్మకం లేదు.

గుంటూరులో మా వీధి చివర ఇస్త్రీ బండి బాబాయ్ అయితే ఈ బొగ్గు తప్ప ఇంకోటి ముట్టుకోడు. "మెత్త కట్టె బొగ్గు ఇట్టే బూడిదైపోద్ది, ఇది పెట్టెలో వేస్తే నిలుస్తది" అంటాడు. సర్కారు తుమ్మ కట్టెకి చేవ ఎక్కువ మరి.

ఎండిన కట్టెను గుండ్రంగా పేర్చి, వరిగడ్డి కప్పి, పైన తడిమట్టి మెత్తి, నిప్పు పెట్టి, గాలికి అక్కడక్కడా బొక్కలు వదులుతారు. అసలు పని అక్కణ్ణుంచే. ముందు తెల్లగా దట్టంగా వచ్చే పొగలో ఎక్కువ భాగం ఆవిరే, కట్టెలో నీళ్లు పోతున్నాయన్నమాట. తర్వాత పసుప్పచ్చగా, కళ్లు మండేలా వస్తుంది. చివరికి పల్చబడి నీలంగా తిరిగిందంటే ఇక బొక్కలన్నీ మూసెయ్యాలి, లేదంటే అయిన బొగ్గే కాలిపోతుంది. మట్టి ఎక్కడ పగిలి గాలి దూరినా అంతే, అందుకే రాత్రంతా ఒక మనిషి తట్టలో తడిమట్టి పెట్టుకుని చుట్టూ తిరుగుతూనే ఉండాలి. చల్లారకుండా విప్పితే మళ్లీ భగ్గుమంటుంది.

ఇంతా చేస్తే మట్టి బట్టీలో ఐదారు కిలోల కట్టెకి కిలో బొగ్గు వస్తే బాగా వచ్చినట్టే. పొగను కూడా మండించుకునే ఇనప బట్టీలైతే నాలుగు కిలోలకే కిలో వస్తుంది, కానీ ఆ పెట్టుబడి ఎవరు పెడతారు, కూలికి కంప కొట్టేవాళ్లా?

ఇక పీడ సంగతి. బొగ్గువాళ్లు నేల మట్టానికి కొట్టుకుపోతారు, మోడు అలాగే ఉంటుంది. ఒక్క వాన పడితే ఒకటికి నాలుగు పిలకలు, కొన్నేళ్లకి మళ్లీ కోతకొస్తుంది. వ్యాపారికది పంట, పొలం ఆసామికి కంప. పైగా మేకలూ గొడ్లూ తియ్యటి కాయలు తిని విత్తనాలు పేడలో చల్లుకుంటూ పోతాయి. కెన్యాలో బరింగో జనం ఈ చెట్టు నాటించినందుకు 2006లో ప్రభుత్వం మీదే కేసు వేశారు, కాయలు తిని పళ్లూడిన మేకను ఏకంగా కోర్టుకే తీసుకెళ్లి చూపించారు!

బాపట్ల వైపు బీడు ఉన్న మా బంధువులకి నేను చెప్పేదొకటే: కంప ఊరికే ఇచ్చినా ఫర్వాలేదు, మోడు మాత్రం అడుగు లోతున వేరుతో సహా తియ్యాలని ముందే మాట్లాడుకోండి. వాళ్లు ఒప్పుకోరు, తవ్వకం కూలి బొగ్గు డబ్బుల్ని మింగేస్తుంది. అప్పుడు జేసీబీ ఖర్చు చెరిసగం అనండి.