చివరి పేజీ అడుగున ఉండే పేరు కోసం

మా తాతయ్య ఆంధ్రపత్రిక దినపత్రికను కట్టలు కట్టి అటక మీద దాచేవాడు. ఆయన పోయిన రెండేళ్లకు ఇల్లు సర్దుతూ ఆ కట్టలన్నీ కిలోల లెక్కన తూకానికి వేసేశాం. అప్పుడు నాకు పదకొండేళ్లు, బండి మీదికి కట్టలు అందించిన చేతుల్లో నావీ ఉన్నాయి. పెద్దయ్యాక అవేమిటో తెలిసి చాలా బాధపడ్డాను. పోయినవి ఎలాగూ రావు, కనీసం అలాంటివి ఎక్కడున్నాయో కళ్లారా చూడాలని ఈ జనవరిలో మూడు రోజులు సెలవు పెట్టి నెల్లూరు నుంచి బయలుదేరాను. వేటపాలెం, విజయవాడ, బందరు. ఈ మూడే అనుకున్నాను.

నెల్లూరులో పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కితే కావలి, ఒంగోలు దాటాక చినగంజాం దగ్గర పట్టాలకు కాస్త దూరంలో ఉప్పు మళ్లు కనిపిస్తాయి. 1930లో ఉప్పు సత్యాగ్రహం మొదలయ్యాక ప్రభుత్వం చేసిన మొదటి పనుల్లో పత్రికల మీద ఆర్డినెన్సు తేవడం ఒకటి. ఉప్పు వండిన వాళ్లతో పాటు ఆ వార్త అచ్చేసిన ప్రెస్సుల మీదా పడ్డారు, గాంధీగారి నవజీవన్ ప్రెస్సునే స్వాధీనం చేసుకున్నారు. కిటికీలోంచి ఆ తెల్లటి కుప్పలు చూస్తుంటే అదే గుర్తొచ్చింది.

వేటపాలెం చిన్న స్టేషను. జీడిపప్పుకు పేరున్న ఊరు, అందరికీ తెలిసిందే. నేను వెళ్లింది మాత్రం సారస్వత నికేతనం కోసం. 1918లో ఊళ్లో వాళ్లు పెట్టుకున్న గ్రంథాలయం ఇది, ఏ మహారాజూ ఏ కలెక్టరూ పెట్టింది కాదు. 1929లో గాంధీజీ ఇక్కడికి వచ్చారు, ఆయన చేతికర్రను ఇప్పటికీ భద్రంగా ఉంచారు. 1909 నాటి పత్రికలు కూడా ఇక్కడ ఉన్నాయని విని వచ్చాను.

లోపలికి వెళ్లి విషయం చెబితే అక్కడున్న పెద్దాయన "ఏ సంవత్సరం కావాలండీ?" అన్నారు. అంత మామూలుగా అడిగేసరికి నాకు నోట మాట రాలేదు. ఏదో ఒకటి చూపించండి అన్నాను. అట్టకట్టిన పెద్ద సంపుటం తెచ్చి బల్ల మీద పెట్టి, "అంచు పట్టుకుని రెండు చేతులతో తిప్పండి, మధ్యలో వేలు పెట్టొద్దు, విరిగిపోతుంది" అన్నారు. చిరిగిపోతుంది అనలేదు, విరిగిపోతుంది అన్నారు! ఆ కాగితం నిజంగానే అప్పడంలా ఉంది.

మొదట చూసింది వార్తలు కాదు, ప్రకటనలు. అమృతాంజనం ప్రకటన కనిపించగానే నవ్వొచ్చింది. ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిదే కదా ఆ మందు. 1893లో బొంబాయిలో తలనొప్పి మందు మొదలుపెట్టి, ఆ డబ్బుతో 1908లో అక్కడే తెలుగు వారపత్రిక పెట్టి, 1914లో దాన్ని మద్రాసుకు తెచ్చి దినపత్రిక చేశారు. ఆ రోజుల్లో పత్రిక బతకాలంటే దాన్ని పోషించే వ్యాపారం ఇంకొకటి ఉండాల్సి వచ్చేది, ఎందుకంటే చందాలు సరిగ్గా రావు, పైగా సర్కారు ఎప్పుడు డిపాజిట్ కట్టమంటుందో తెలియదు. ప్రకాశం పంతులుగారికి అలాంటి ఆసరా లేదు. 1921లో మద్రాసులో ఇంగ్లిష్ దినపత్రిక 'స్వరాజ్య' పెట్టి బారిస్టరుగా సంపాదించిందంతా దాంట్లోనే పోశారు.

ఈ డిపాజిట్ సంగతి కొంచెం చెప్పాలి. 1910 ప్రెస్ చట్టం ప్రకారం కొత్తగా ప్రెస్సు పెట్టేవాడు 500 నుంచి 2,000 రూపాయల దాకా ధరావతు కట్టాలి. అప్పటికే నడుస్తున్న ప్రెస్సునైతే 5,000 దాకా అడగొచ్చు. ప్రభుత్వానికి నచ్చనిది అచ్చయితే ఆ డబ్బు జప్తు. మళ్లీ తెరవాలంటే 1,000 నుంచి 10,000. ఆనాటి 5,000 అంటే చిన్న ఊళ్లో ట్రెడిల్ అచ్చు మిషను తిప్పుకునే వాడికి ఇల్లూ పొలమూ అమ్మినా పుట్టని డబ్బు. ఈ చట్టం 1922లో రద్దయింది, కానీ 1931లో అదే పద్ధతి ఇంకో పేరుతో తిరిగి వచ్చింది.

నేను ప్రతి సంచికలోనూ చివరి పేజీ అడుగున ఉండే చిన్న అక్షరాల లైను చూస్తూ పోయాను. ఫలానా ప్రెస్సులో ముద్రించి ఫలానా వారిచే ప్రకటింపబడినది అని ఉంటుందే, అది. మనం ఎప్పుడూ చదవం. 1867లో వచ్చిన చట్టం ఒకటి ఆ లైను వేసి తీరాలంది. ముద్రించేవాడు మేజిస్ట్రేటు ముందుకు వెళ్లి, ఈ పత్రిక అచ్చువేసేది నేనే అని సంతకం పెట్టి రావాలి, పేరు వేయకపోతే శిక్ష. అంటే పోలీసులు వస్తే ఎవరింటికి రావాలో ముందే అచ్చేసి ఇచ్చినట్టు. సంపాదకుల పేర్లు మనకు కొద్దోగొప్పో గుర్తున్నాయి, వీధులకు పెట్టుకున్నాం, విగ్రహాలు కట్టుకున్నాం. ఈ అడుగు లైనులో పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. రాసినవాడితో సమానంగా ప్రమాదం నెత్తిన పెట్టుకున్నవాళ్లు వాళ్లు. బల్ల దగ్గర కూర్చుని నోట్‌బుక్కులో నలభై పేర్లు రాసుకున్నాను. ఎందుకు రాస్తున్నానో పెద్దాయన అడిగారు, చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత తనంతట తనే లోపలికి వెళ్లి ఇంకో రెండు సంపుటాలు తెచ్చిచ్చారు.

సాయంత్రం చీరాల వెళ్లి రైలు పట్టుకున్నాను. ఊరిని మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద జనం ఇళ్లూ వాకిళ్లూ వదిలేసి ఊరి బయట రామనగరులో దాదాపు పదకొండు నెలలు పాకల్లో ఉన్నారు. రైల్లో పక్కన కూర్చున్న నేత పనివారు ఒకరు, వాళ్ల ముత్తాత ఆ పాకల్లోనే ఉన్నాడని చెప్పారు. ఇంట్లో ఫొటో ఏదైనా ఉందా అని అడిగితే, "ఫొటో ఎక్కడిదండీ, పేపర్లో పడిందని చెప్పుకునేవాళ్లు, అంతే" అన్నారు.

విజయవాడలో పొద్దున లేవగానే పటమట వెళ్లాను. అక్కడ గ్రంథాలయ సంఘం వాళ్ల భవనానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి పేరు ఉంది, సర్వోత్తమ భవనం. ఆయన కథ తెలిసినవాళ్లకు ఆ పేరు గ్రంథాలయానికి ఉండటం మామూలు విషయం అనిపించదు.

ఆయన కర్నూలు మనిషి. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశం తిరిగి వెళ్లాక, వందేమాతరం గొడవలో రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ నుంచి ఆయన్ను వెళ్లగొట్టారు. ఇక సర్కారు ఉద్యోగం రాదు. బెజవాడ వచ్చి 'స్వరాజ్య' అని తెలుగు వారపత్రిక నడిపారు (ప్రకాశంగారి ఇంగ్లిష్ పత్రిక తర్వాతిది, పేరొక్కటే). 1908 మార్చిలో అక్కడ తిరునెల్వేలిలో చిదంబరం పిళ్లై అరెస్టుకు జనం తిరగబడితే పోలీసులు కాల్చారు, నలుగురు చనిపోయారు. ఆ వార్త మీద గాడిచర్ల పరాయి ప్రభుత్వాన్ని క్రూరవ్యాఘ్రంతో పోల్చి రాశారు. రాజద్రోహం కేసు పెట్టారు. అప్పటికి ఆయనకు ఇంకా ఇరవై అయిదేళ్లు నిండలేదు. మూడేళ్లు వేలూరు జైలు. ఆయనతో పాటు పత్రిక ప్రకటనకర్త బోడి నారాయణరావు కూడా జైలుకు వెళ్లారు. నేను వెతుకుతున్న అడుగు లైను పేరు ఇదే! గాడిచర్లను ఆంధ్ర తిలక్ అని పిలుచుకున్నాం. నారాయణరావు ఎవరి పిల్లాడు, జైలు నుంచి వచ్చాక ఎలా బతికాడు అని నేను అడిగిన వాళ్లెవరూ చెప్పలేకపోయారు.

అదే ఏడు బాలగంగాధర తిలక్‌కు ఆరేళ్లు వేసి మాండలే పంపారు. రెండింటికీ వాడింది ఒకే రాజద్రోహం సెక్షను, 124ఎ. గాడిచర్ల తర్వాతి జీవితంలో ఎక్కువ భాగం గ్రంథాలయోద్యమానికి ఇచ్చారు, అయ్యంకి వెంకటరమణయ్యగారు, ఇంకా ఎందరో కలిసి ఊరూరా గ్రంథాలయాలు పెట్టించారు. నిన్న నేను వేటపాలెంలో రెండు చేతులతో తిప్పిన పేజీలు బతికి ఉన్నాయంటే అలాంటి ఉద్యమం నడిచిన నేల కాబట్టే. ఆ భవనం మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను, లేవబుద్ధి కాలేదు.

బందరు బస్సులో ఉయ్యూరు దాటాక రెండు వైపులా చెరుకు, పామర్రు దాటాక గాలి మారింది. బందరు అంటే నాకు చిన్నప్పటి నుంచి లడ్డూయే. కానీ ఇంగ్లిష్ వాళ్లు తూర్పు తీరంలో మొదటిసారి వ్యాపారానికి దిగింది ఈ రేవులోనే, 1611లో. సరిగ్గా ఆ ఊళ్లోనే 1902లో కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు కలిసి కృష్ణాపత్రిక మొదలుపెట్టారు. 1907 నుంచి ముట్నూరి కృష్ణారావుగారు సంపాదకులు, 1945లో చనిపోయేదాకా ఆయనే. ముప్పై ఎనిమిదేళ్లు ఒకే కుర్చీ! జాతీయ కళాశాల పెట్టడంలోనూ ఆయన చెయ్యి ఉంది. సాయంత్రమైతే ఆయన చుట్టూ కవులు, చిత్రకారులు, కుర్రాళ్లు చేరేవారట, ఆ కూటానికి దర్బారు అని పేరు. రెండేళ్లు ఆగితే స్వాతంత్ర్యం చూసేవారు.

కోనేరు సెంటర్లో టీ తాగుతూ పత్రిక ఆఫీసు ఎక్కడుండేదని ముగ్గురిని అడిగాను. ఇద్దరు రెండు వేర్వేరు వీధులు చెప్పారు. మూడో ఆయన, రిటైరైన మాస్టారు, తానే తీసుకెళ్తానని స్కూటరు మీద ఎక్కించుకున్నారు. రెండు సందులు తిప్పి, ఇక్కడే ఎక్కడో అని మా నాన్న చెప్పేవాడు బాబూ, అంటూ ఆగారు. ఏ గోడకూ ఏ రాయీ లేదు. అప్పుడు మాత్రం గొంతు పట్టేసింది. ఆ కాలంలో మద్రాసు ప్రభుత్వం మన దేశభాషా పత్రికలన్నీ తెప్పించి, అనువాదకుల చేత సారాంశం రాయించి, రహస్య నివేదికలు కట్టించుకునేది. వాళ్లు లైను లైనూ చదివి దాచుకున్నారు. మనం వీధి కూడా గుర్తుపెట్టుకోలేదు.

మాస్టారికి నా నోట్‌బుక్కు చూపించాను. నలభై పేర్లలో ఒకదాని మీద వేలు పెట్టి, ఈ ఇంటిపేరు వాళ్లు చిలకలపూడిలో ఉండాలి, కనుక్కుని చెబుతానని నా నంబరు రాసుకున్నారు.

రాత్రికి ఇల్లు చేరాక అమ్మను అడిగాను, తాతయ్య కట్టల్లో ఒక్కటైనా మిగిలిందా అని. లేదంది. తర్వాత ఏదో గుర్తొచ్చి, అమ్మమ్మ ట్రంకుపెట్టె అడుగున పరిచిన కాగితం ఎప్పుడూ మార్చలేదంది. పట్టుచీరలన్నీ మంచం మీదికి తీసి, అంచు పట్టుకుని, మధ్యలో వేలు పెట్టకుండా రెండు చేతులతో ఎత్తాను. ఆంధ్రపత్రికే, 1941. నిండా యుద్ధం వార్తలు. లోపలి పేజీ అది. చివరి పేజీ లేదు.