ప్లేటులో బీన్స్‌కి చోటుంటే హ్యాష్ బ్రౌన్‌కి ఎందుకు లేదు?

ఇంగ్లండ్‌లోని బోల్టన్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నప్పుడు శని, ఆదివారాలు ఒక కేఫ్ వంటగదిలో పనిచేసేవాణ్ణి. స్టూడెంట్ వీసా మీద టర్మ్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలకు మించి పని చేయనివ్వరు. అందుకని మా హనుమకొండ, వరంగల్ పిల్లలందరం ఇలాంటి పార్ట్‌టైమ్‌లలోనే ఉండేవాళ్లం. కొందరు వేర్‌హౌస్, కొందరు కేర్ హోమ్, నేను పొయ్యి దగ్గర. ఆ కేఫ్‌లో పొద్దున్నుంచి మధ్యాహ్నం మూడింటిదాకా ఎక్కువగా పోయేది ఒకటే, ఫుల్ ఇంగ్లిష్ బ్రేక్‌ఫాస్ట్. కాబట్టి ఆ ప్లేటులో ఏం ఉండాలి, ఏం ఉండకూడదు అన్నదాని మీద నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. తెల్లవాళ్లతో కూడా వాదిస్తా.

పేచీ లేనివి ముందు చెప్పేస్తా. బేకన్, సాసేజ్, గుడ్డు, టమాటా, పుట్టగొడుగులు, బ్లాక్ పుడింగ్, బ్రెడ్డు. వెంట పాలు పోసిన చిక్కటి టీ. బీన్స్ (టమాటా సాసులో ఉండే టిన్ను చిక్కుడు గింజలు), హ్యాష్ బ్రౌన్ (ఆలుగడ్డ తురుముతో చేసే వేపుడు బిళ్ల) దగ్గర్నుంచే అసలు తగవు మొదలవుతుంది, వాటి దగ్గరికి తర్వాత వస్తా.

ఇక్కడ బేకన్ అంటే అమెరికా సినిమాల్లో కనిపించే సన్నటి చారల పట్టీ కాదు. బ్యాక్ బేకన్. పంది నడుము వైపు కోసిన మాంసం, దాని అంచు వెంబడి కొవ్వు పట్టీ. మంచిదేదో చవకదేదో ప్యాకెట్ చదివి తెలుసుకోనక్కర్లేదు, హాట్ ప్లేట్ మీద వేస్తే అదే చెబుతుంది. చవకదాంట్లోకి ఉప్పునీళ్లు ఎక్కించి ఉంటారు. వేడి తగలగానే తెల్లటి నురగ కక్కుతుంది, ఆ నీళ్లలోనే ఉడికి సాగుతూ ఉండిపోతుంది, ఎంతసేపు ఉంచినా రంగు రాదు. మంచిదైతే అంచున ఉన్న కొవ్వు మెల్లగా కరిగి, పారదర్శకంగా మారి, ఆ తర్వాత ఎర్రబడి కరకరలాడుతుంది. అలా కరిగిన కొవ్వే మిగతా ప్లేటంతటికీ పెట్టుబడి.

నన్నడిగితే ఈ ప్లేటుకి ప్రాణం బేకన్ కాదు, ఆ కొవ్వులో వేయించిన బ్రెడ్డు. దానికి నిన్నటి తెల్ల బ్రెడ్డు కావాలి. తాజాదైతే కొవ్వంతా తాగేసి ముద్దైపోతుంది. కాస్త ఆరినదైతే పైపైన పట్టి, పైన గట్టిగా, లోపల మెత్తగా ఉంటుంది. గుడ్డు పచ్చసొన పగిలినప్పుడు దాంతో అద్దుకుని తినాలి. ఇప్పుడు చాలాచోట్ల టోస్టర్‌లో కాల్చి, వెన్న పూసి చేతులు దులుపుకుంటున్నారు. ఏమంటే ఆరోగ్యం అంటారు. పక్కన రెండు సాసేజ్‌లు, రెండు బేకన్ ముక్కలు పెట్టుకుని, బ్రెడ్డు దగ్గరికి వచ్చేసరికి ఆరోగ్యం గుర్తు రావడమేంటో! వీడియో కాల్‌లో మా అమ్మకి చూపిస్తే "పొద్దుగాల్నే గంత నూనె ఎట్ల తింటర్ర బిడ్డా?" అంది. ఆదివారాలు ఆమె చేసే పూరీల సంగతి గుర్తు చేశాను. ఫోన్ నాన్నకిచ్చేసింది.

కేఫ్ ఓనరమ్మది అరవై దాటిన వయసు, బోల్టన్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. ఏది ముందు, ఏది వెనక అన్న వరసంతా ఆమె నేర్పిందే. సాసేజ్‌లు మొట్టమొదట పడాలి, సన్నటి సెగ మీద ఇరవై నిమిషాలు పడతాయి. ఫోర్కుతో గుచ్చితే ఊరుకోదు, రసం కారిపోతుందని. తర్వాత బేకన్. టమాటా ఒక్కటీ నా పద్ధతి, అడ్డంగా సగానికి కోసి, కోసిన వైపు కిందికి పెట్టాలి. పుట్టగొడుగులకి ఉప్పు చివర్లోనే వేయాలి, ముందే వేస్తే నీళ్లు వదిలి వేగడం మానేసి ఉడుకుతాయి. గుడ్డు అన్నిటికంటే ఆఖరు. ప్లేట్లు మాత్రం ఓవెన్‌లో ముందునుంచే వేడెక్కుతూ ఉండాలి. "చల్లటి ప్లేటులో పెట్టావంటే టేబుల్ దగ్గరికి చేరేలోపే కొవ్వు గడ్డకడుతుంది, లవ్" అనేది. ఆ ఊళ్లో అందరికీ అందరూ లవ్వే, బస్సు డ్రైవర్‌తో సహా.

బ్లాక్ పుడింగ్ అంటే పంది నెత్తురు, కొవ్వు, ఓట్స్ లేదా బార్లీ, మసాలా దినుసులు కలిపి పేగులో నింపి ఉడికించేది. బోల్టన్ పక్కనే ఉన్న బరీ అనే ఊరు దీనికి పెట్టింది పేరు. అక్కడి మార్కెట్లో వేడివేడిగా ఉడికించి, చీల్చి, మస్టర్డ్ రాసి చేతికిస్తారు. నా గుంటూరు రూమ్మేట్ పేరు వినగానే కుర్చీ వెనక్కి జరిపాడు. నాకేమీ అనిపించలేదు, ఎందుకంటే యాటను కోసిన రోజు నల్ల, అంటే దాని నెత్తురు, వేయించుకుని తినే ఇంట్లో పెరిగాను. వేలెడు మందాన బిళ్లలు కోసి, పై తోలు తీసేసి, ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. మాటిమాటికీ తిప్పితే పొడిపొడిగా రాలిపోతుంది. ఇది లేని ప్లేటుని కూడా ఫుల్ అనే అంటారు కానీ, లాంకషైర్‌లో, అంటే మా బోల్టన్ వైపు, అలా అంటే నేనొప్పుకోను.

ఇక బీన్స్. హైన్జ్ అనే అమెరికా కంపెనీ టిన్ను బీన్స్ ఇంగ్లండ్‌లో మొదట అమ్మింది లండన్‌లోని ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ అనే ఖరీదైన షాపులో అంటారు. అంటే అమెరికా నుంచి ఓడెక్కి వచ్చిన ఫ్యాన్సీ సరుకన్నమాట. ఇప్పుడు మా కేఫ్‌కి దగ్గర్లోనే, విగన్‌లో, 1959 నుంచి నడుస్తున్న పెద్ద ఫ్యాక్టరీలో అవి తయారవుతాయి, పిల్లలకి అన్నం బదులు అవే పెడతారు. ఎవరూ వాటిని అమెరికావి అనరు.

ఇంకో సంగతి. ఈ ప్లేటు తాతల కాలం నుంచి ప్రతి ఇంట్లో రోజూ ఉన్నదేమీ కాదు. యుద్ధం వచ్చాక 1940 జనవరిలో బేకన్‌కి రేషన్ పెట్టారు, ఎత్తేసింది 1954 జులైలో. చాలాకాలం మనిషికి వారానికి నాలుగు ఔన్సులు, అంటే నూటపది గ్రాముల చిల్లర. గుడ్డు వారానికి ఒకటి. ఓనరమ్మ వాళ్ల అమ్మ ఆ రోజుల్లో పెరిగిన మనిషి. బేకన్ అంచు కత్తిరించి పక్కన పెట్టే కస్టమర్‌ని చూస్తే ఓనరమ్మకి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

హ్యాష్ బ్రౌన్ గురించి అక్కడ జరిగే తగవు మామూలుది కాదు. ఇంగ్లిష్ బ్రేక్‌ఫాస్ట్ సొసైటీ అని దీనికోసం ఏకంగా ఒక సంఘమే ఉంది. హ్యాష్ బ్రౌన్ అమెరికాది, దాని బదులు బబుల్ అండ్ స్క్వీక్ పెట్టండి అని వాళ్ల వాదన. రాత్రి మిగిలిన ఆలుగడ్డ, క్యాబేజీ మెదిపి పెనం మీద కాల్చేదే బబుల్ అండ్ స్క్వీక్. తీర్పు నాకు నచ్చింది, కారణం నచ్చలేదు. అమెరికాది కాబట్టి వద్దంటే బీన్స్ గిన్నె కూడా తీసేయాలి కదా?

నేను వద్దనేది వేరే కారణంతో. ఈ ప్లేటులో ప్రతిదానికీ పక్కదానితో పని ఉంటుంది. బ్రెడ్డు కొవ్వునీ, పచ్చసొననీ పీలుస్తుంది. టమాటా పులుపు ఆ కొవ్వుని కోస్తుంది. బీన్స్ లేకపోతే సాసేజ్ గొంతు దిగదు. హ్యాష్ బ్రౌన్ ఫ్రీజర్‌లోంచి నేరుగా డీప్ ఫ్రైయర్‌లోకి పోయి, మూడు కోణాలతో వచ్చి ఒక మూల కూర్చుంటుంది. పొడిది. బ్రెడ్డు ఉండగా దానికి చెయ్యడానికి పనే లేదు. ప్లేటు నిండుగా కనపడ్డానికి కేఫ్‌లకి చవగ్గా దొరికింది, అంతే. అయితే శనివారం పొద్దున తలనొప్పితో వచ్చే కుర్రాళ్లు అదే ఎక్స్‌ట్రా అడిగేవాళ్లు, మనమూ నవ్వుతూ వేసేవాళ్లం. వాదన వాదనే, టిప్పు టిప్పే.

టమాటా విషయంలో మాత్రం నేను ఓనరమ్మకి ఎదురు. ఆమె టిన్ను టమాటాలు వేడి చేసి పోసేది, పాత కేఫ్‌ల పద్ధతి అదే. వాటి నీళ్లు గుడ్డు కిందికి పారతాయి. ఆ గొడవ తేలలేదు.

సాసు సంగతి మనవాళ్లకి తప్పకుండా చెప్పాలి. హెచ్‌పీ సాస్ అని గోధుమ రంగులో ఉంటుంది, సీసా మీద పార్లమెంటు బొమ్మ. అంతకంటే ఇంగ్లిష్ వస్తువు ఉండదని వాళ్ల నమ్మకం. వెనక లేబుల్ చదివితే అందులో చింతపండు, ఖర్జూరం ఉన్నాయి. పైగా 2007లో బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీ మూసేశాక అది నెదర్లాండ్స్‌లో తయారవుతోంది. నాకు మొదటిసారే ఎందుకు నచ్చిందో లేబుల్ చూశాక అర్థమైంది.

స్కాట్లాండ్ పోతే ఇదే ప్లేటులో చదరపు సాసేజ్, ఆలుగడ్డ రొట్టె వస్తాయి, అడిగితే హ్యాగిస్ (గొర్రె లోపలి భాగాలతో చేసేది) కూడా. ఉత్తర ఐర్లాండ్‌లో ఈ ప్లేటు పేరు అల్‌స్టర్ ఫ్రై, సోడా బ్రెడ్డు లేకుండా ఆ పేరనరు. వేల్స్‌లో సముద్రపు నాచు వండి పెడతారు. అది నేనింకా తినలేదు.

బోల్టన్‌లో ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి హలాల్ కేఫ్‌లలో టర్కీ కోడి బేకన్‌తో, గొర్రె మాంసం సాసేజ్‌తో ఇదే ప్లేటు దొరుకుతుంది. శాకాహారుల ప్లేటూ ఉంటుంది. అవి ఫుల్ ఇంగ్లిష్ కావని మూతి ముడిచేవాళ్లున్నారు. నేను తిన్నాను, బాగానే ఉంటాయి. లోటల్లా బ్రెడ్డు దగ్గరే, వేయించడానికి ఆ కొవ్వు ఉండదు కాబట్టి. అలాంటి చోటికి వెళ్తే బ్రెడ్డు వెన్నలో వేయించమని ముందే చెప్పండి, లేకపోతే నూనెలో వేసిచ్చేస్తారు.