కారు రబ్బరుకు, వినైల్‌కు ఏ పాలిష్ వేయాలి: నా అనుభవం

రెండేళ్ల కిందట వేసవిలో విజయవాడ నుంచి హైదరాబాదుకు సాయంత్రం పూట కారు నడుపుతూ, సూర్యాపేట దాటిన తర్వాత కొంతసేపు రోడ్డు సరిగా కనిపించక చాలా భయపడ్డాను. ఆ దారి పడమటికి సాగుతుంది కాబట్టి ఆ వేళకు ఎండ ఎదురుగా పడుతుంది. దానికి తోడు ముందురోజే వాటర్ సర్వీసింగ్‌లో పాలిష్ వేయించిన డాష్‌బోర్డు తళతళ మెరుస్తూ, తన ప్రతిబింబాన్ని ముందు అద్దం నిండా పరిచింది. ముందు వెళ్తున్న లారీ బ్రేకు లైట్లు ఆ తెల్లటి మెరుపులో కలిసిపోయాయి. రోడ్డు పక్కన కారు ఆపి, ముదురు రంగు తువ్వాలు ఒకటి డాష్‌బోర్డు మీద పరిచిన తర్వాతే ముందుకు సాగగలిగాము.

ఇల్లు చేరాక చూస్తే, టైర్లకు పూసిన పాలిష్ చిమ్మి తలుపుల కింది భాగమంతా నల్లటి చుక్కలు పడి ఉన్నాయి. నెల తిరిగేసరికి తలుపుల చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ రెండు మూడు చోట్ల ఉబ్బి, వేలికి జిగటగా తగలసాగింది. సర్వీసింగ్ కుర్రవాడు బీడింగ్‌కు కూడా అదే పాలిష్‌ను బ్రష్‌తో పూశాడనీ, దానికి కిరోసిన్ వాసన ఉండేదనీ అప్పుడు గుర్తొచ్చింది.

తలుపు మీద పడిన గీతకు రంగు వేయించడానికి ఆటోనగర్ వెళ్లినప్పుడు పెయింటర్ మొట్టమొదట అడిగిన మాట, "సార్, బండికి సిలికాన్ పాలిష్ ఏమైనా వాడారా?" సిలికాన్ నూనె కాస్త మిగిలి ఉన్నా కొత్త రంగు అక్కడ పట్టుకోకుండా పక్కకు జరిగి చిన్న చిన్న గుంటలు పడతాయని ఆయన వివరించారు. దాంతో తప్పంతా సిలికాన్‌దేనని నిశ్చయించుకుని, అది లేని పాలిష్ కోసం చాలా రోజులు వెతికాను. ఆ వెతుకులాటలోనే నేను పొరబడ్డానని తెలిసింది.

సిలికాన్ నూనె రంగు వేసేవారికి ఇబ్బందే గాని, వినైల్‌నూ బీడింగ్ రబ్బరునూ అది దాదాపు ఏమీ చేయదు. హాని ఎక్కువగా ఆ నూనెను పలచబరచడానికి కలిపే ద్రవం వల్ల జరుగుతుంది. తలుపుల బీడింగ్‌ను సాధారణంగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. ఎండకూ వానకూ ఏళ్ల తరబడి తట్టుకునే ఆ రబ్బరు, కిరోసిన్, డీజిల్ జాతి ద్రవాలు తగిలితే మాత్రం వాటిని పీల్చుకుని ఉబ్బుతుంది. వినైల్ సంగతి వేరు. వినైల్ అంటే పీవీసీ అనే ప్లాస్టిక్, అది సహజంగా గట్టి పదార్థం, దాన్ని మెత్తగా ఉంచడానికి ఒక నూనెలాంటి పదార్థం కలుపుతారు. ఎండలో నిలిపిన కారులో డాష్‌బోర్డు బాగా వేడెక్కినప్పుడల్లా ఆ పదార్థం కొద్దికొద్దిగా ఆవిరై బయటికి పోతుంది. కొత్త కార్ల ముందు అద్దానికి లోపలివైపు పట్టే జిడ్డు పొరకు ఇదొక కారణం. పెట్రోలియం ద్రావణి (పాలిష్‌ను పలచబరిచే కిరోసిన్ లాంటి ద్రవం) పదే పదే తగిలితే ఆ మెత్తదనం మరింత త్వరగా పోయి, వినైల్ బిరుసెక్కి పగులుతుంది.

టైర్ల విషయంలో నా అపోహ ఇంకొకటి ఉండేది. టైరు పక్క గోడ గోధుమ రంగుకు తిరిగితే అది మురికి అనుకుని బాగా తోమించేవాడిని. నిజానికి గాలిలోని ఓజోన్ వల్ల రబ్బరు పగలకుండా తయారీలోనే కలిపిన రక్షక పదార్థం, మైనంతో పాటు పైకి ఊరి వచ్చి అలా రంగు మారుతుంది. టైరు తిరుగుతూ వంగుతున్న కొద్దీ అది పైకి వస్తూ ఉంటుంది కాబట్టే, నెలల తరబడి కదలకుండా నిలిపిన కారు టైర్లకు పగుళ్లు త్వరగా కనిపిస్తాయి. ఏ పాలిష్ కూడా ఆ పదార్థానికి బదులు కాలేదు.

ఇంత తెలిశాక కొనడం తేలిక అవుతుందనుకున్నాను గాని, మొదటి దుకాణంలో చూపించింది పేరూ వివరమూ లేని అయిదు లీటర్ల డబ్బాలోని లూజు పాలిష్. అది కొద్దిగానూ, మరోచోట నీటి ఆధారిత (ద్రావణికి బదులు నీళ్లతో కలిపిన) పాలిష్ ఒక సీసా కొని, ఇంట్లో రెండు గాజు గ్లాసుల నీళ్లలో చెరి కొన్ని చుక్కలు వేశాను. నీటి ఆధారితమైనది పాలలా కలిసిపోయింది, లూజు పాలిష్ నూనెలా పైకి తేలింది. అంతటితో తృప్తి కలగక, మార్చేసిన పాత బీడింగ్ నుంచి రెండు సమానమైన ముక్కలు కోసి రెండింటిలో వారం రోజులు నానబెట్టాను. లూజు పాలిష్‌లోని ముక్క కంటికి తెలిసేంత ఉబ్బి మెత్తబడింది, రెండోది అలాగే ఉంది. పేరున్న కంపెనీలు భద్రతా సమాచార పత్రాన్ని అందుబాటులో ఉంచుతాయి. అందులో మూడో విభాగంలో ఏమేమి కలిపారో, తొమ్మిదో విభాగంలో ఎంత వేడికి ఆవిరి మండుతుందో ఉంటుంది. పెట్రోలియం ద్రావణి కలిసి ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

చివరికి లోపలి వినైల్‌కు, బంపర్ల నల్ల ప్లాస్టిక్‌కు, టైర్ల పక్క గోడలకు నీటి ఆధారితమైన, మెరుపు తక్కువగా ఉండే 303 ప్రొటెక్టెంట్ అనే పాలిష్‌ను ఎంచుకున్నాను. బీడింగ్‌కు మాత్రం పలచగా సిలికాన్ గ్రీజు పూస్తున్నాను. వ్యాజిలీన్ పెట్రోలియం నుంచి వచ్చేదే కాబట్టి దాన్ని మానేశాను. బంపర్లకు కొబ్బరి నూనె రాయమని చాలామంది చెప్పారు, రాస్తే రెండు రోజులు నల్లగానే ఉంటుంది గాని తర్వాత దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

పూసే పద్ధతి మీద నాకు ఇప్పుడు పట్టింపు ఎక్కువ. కారును నీడలో నిలిపి, భాగాలు చల్లబడ్డాక, మందును గుడ్డ మీద చల్లుకుని పూసి, వెంటనే పొడి గుడ్డతో పూర్తిగా తుడిచేస్తాను. స్టీరింగుకు, పెడళ్లకు, టైరు నేలను తాకే భాగానికి, బ్రేకు డిస్కులకు అది తగలనివ్వను, ఎందుకంటే అక్కడ జారుడు ప్రాణాంతకం. ముందు అద్దం మామూలుగా అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపేస్తుంది కనుక, డాష్‌బోర్డుకు అసలు శత్రువు వేడి. అందుకే ఎండలో నిలిపినప్పుడల్లా అద్దానికి లోపల సన్‌షేడ్ పెడుతున్నాను, అది ఏ సీసాలోని మందుకన్నా ఎక్కువ మేలు చేస్తోందని నా నమ్మకం.

మొన్న మే నెలలో అదే దారిలో, దాదాపు అదే వేళకు సూర్యాపేట దాటాను. ఎండ ఎదురుగానే ఉంది, ముందున్న లారీ బ్రేకు లైట్లు స్పష్టంగా కనిపించాయి.