గాజు ఏం చూస్తుందో ముందు అది తేల్చుకోవాలి

సెంటు సీసాను ఫోటో తీయడమంటే దాని మీద మంచి వెలుతురు వేయడమేనని చాలామంది అనుకుంటారు. నున్నటి గాజు మీద నిటారుగా పడిన కాంతిలో ఒక్కో ఉపరితలం దగ్గర వెనక్కి మళ్లేది సుమారు 4 శాతమే. మిగిలినదంతా లోపలికి వెళ్లిపోతుంది. ఆ 4 శాతమే మనకు మెరుపుగా కనిపిస్తుంది, ఆ మెరుపులో ఉండేది సీసా కాదు, దాని ఎదురుగా ఉన్న గది. కిటికీ ఊచలు, సీలింగ్ ఫ్యాను, ఫోటో తీసేవాడి చొక్కా, అన్నీ అందులో పడతాయి. బెంగళూరులో యశ్వంతపురం వైపు, శాండల్ సోప్ ఫ్యాక్టరీ మెట్రో స్టేషనుకు దగ్గరలో ఉన్న మా చిన్న స్టూడియోలో గోడలకు నల్ల రంగు వేయించడానికి కారణం ఇదే. చూడవచ్చిన బంధువులకు మాత్రం అది అపశకునంగా తోస్తుంది.

కాంతి ఏ కోణంలో పడితే అదే కోణంలో తిరిగి వస్తుందని బడిలో చదువుకున్న పాఠమే ఈ వృత్తికి ఆధారం. కెమెరాను స్టాండుకు బిగించి, సీసాను బల్ల మీద నిలబెట్టాక, గాజులో గది ఏ భాగం కనిపిస్తోందో ముందుగా చూసుకుంటాము. ఆ భాగంలో ట్రేసింగ్ పేపరును వేలాడదీసి, దాని వెనక, మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిపి లైటు పెడితే, గాజు మీద ఒక అంచున తెల్లగా మొదలై క్రమంగా బూడిద రంగులోకి కరిగిపోయే నిలువు చార ఏర్పడుతుంది. చూసేవారికి ఇది ఖరీదైన వస్తువు అనిపించేది చాలావరకు ఆ చార వల్లనే. అదే లైటును అడ్డు లేకుండా నేరుగా పెడితే, కత్తిరించి అతికించినట్టు ఒక తెల్లటి దీర్ఘచతురస్రం గాజు మీద పడి, ఎంత మంచి సీసా అయినా చవకగా కనిపిస్తుంది. వేల రూపాయల పరికరాల కంటే అవెన్యూ రోడ్డులో కొన్న కాగితం చుట్టే మాకు ఎక్కువ పని చేసి పెడుతుందని చెబితే కొత్తగా ఈ రంగంలోకి వచ్చిన కుర్రవాళ్లు నమ్మరు.

ఆన్‌లైన్ దుకాణాలకు తీసే ఫోటోలలో చిక్కు మరోలా ఉంటుంది. అమెజాన్‌లో ప్రధాన చిత్రానికి వెనక శుద్ధమైన తెలుపు ఉండాలి, వస్తువు చట్రంలో 85 శాతం నిండాలి. చుట్టూ అంతా తెలుపైతే గాజు అంచులు ఆ తెలుపులో కలిసిపోయి, మూత, లేబుల్ మాత్రం గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. కాబట్టి సీసాకు రెండు పక్కలా, చట్రంలోకి రాకుండా వీలైనంత దగ్గరగా, నల్ల చార్టు ముక్కలను నిలబెడతాము. ఆ నలుపు గాజు అంచుల్లోకి చేరి, సీసాకు సన్నటి గీతలా రూపురేఖ గీస్తుంది. వెనక నలుపు ఉంటే లెక్క తలకిందులవుతుంది. అప్పుడు అంచులకు తెలుపు కావాలి.

లోపలి ద్రవం సంగతి ఇంకా సున్నితమైనది. ముందు నుంచి ఎంత వెలుతురు వేసినా అది మబ్బుగానే ఉంటుంది, ఎందుకంటే దానికి వెలుతురు వెనక నుంచి రావాలి. వెండి రంగు అట్టను సీసా ఆకారంలో, కానీ అన్ని వైపులా కాస్త చిన్నదిగా కత్తిరించి, సీసా వెనక కొంచెం వాలుగా ఆనించి, దాని మీద పడేలా ఒక సన్నటి లైటు వేస్తే ద్రవం ఒక్కసారిగా వెలుగుతుంది. అట్ట గోరంత పెద్దదైనా దాని అంచు గాజులోంచి కనిపిస్తుంది. మరీ చిన్నదైతే సీసా భుజాల దగ్గర చీకటి మిగులుతుంది. కత్తెర పట్టుకుని ఈ ఒక్క అట్ట ముక్కతో కుస్తీ పట్టే సమయం కెమెరా మీట నొక్కే సమయం కంటే చాలా ఎక్కువ. బంగారు రంగు అట్ట వాడితే ద్రవం తేనె రంగులోకి మారుతుంది. దాన్ని నేను వాడను. లేత పసుపు ద్రవాన్ని తేనె రంగులో చూసి కొన్నవారు, పెట్టె తెరిచాక ఇది నకిలీ సరుకేమోనని అనుమానపడతారు.

స్ప్రే గొట్టం మరొక బెడద. మూత మర ఉన్నదైతే గొట్టాన్ని తీసేయవచ్చు, నొక్కి బిగించినదైతే కంప్యూటర్‌లో చెరిపేయాల్సిందే. కొన్ని ఖరీదైన సీసాల్లో గొట్టం పదార్థపు వక్రీభవన గుణకం, అంటే అది కాంతిని వంచే తీరు, లోపలి ద్రవానికి దాదాపు సమానంగా ఉండేలా ఎంచుకుంటారు కాబట్టి, గొట్టం ద్రవంలో మునిగినంత మేర మాయమైపోతుంది. సీసాను తుడవడానికి కుళాయి నీళ్లు పనికిరావు. మా వీధి బోరు నీటి ఉప్పు మరకలు, అతి దగ్గరి నుంచి తీసే మాక్రో లెన్సులో తెల్ల మచ్చలై కనిపిస్తాయి.

కోరమంగళలో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో చిన్న బ్రాండ్లు నడుపుతున్న మన తెలుగువాళ్లు తరచూ వస్తుంటారు. ఈ మధ్య ఒకావిడ, "ఏవండీ, పక్కన నాలుగు మల్లెలు, ఒక నారింజ చెక్క పెడితే వాసన కూడా తెలుస్తుంది కదా?" అని అడిగారు. నారింజను పెట్టి చూపించాను. సీసా అడుగున దళసరి గాజంతా నారింజ రంగు పులుముకుంది, లేబుల్ కింద ద్రవం రంగు మారిపోయింది. "అమ్మో, వద్దులెండి" అని ఆవిడే తీయించేశారు. మల్లెలతో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆ వాసన రసాయనంతో వచ్చినదైతే, పక్కన పువ్వులను కుప్పపోయడం చూసేవారికి మరో మాట చెప్పినట్టే అవుతుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022 జూన్‌లో కేంద్రం మార్గదర్శకాలు కూడా తెచ్చింది. ఈ విషయంలో నాకు అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ గురువు. 1968లో మొదలైన క్లినిక్ (Clinique) అనే సౌందర్య సాధనాల సంస్థకు ఆయన ఏళ్ల తరబడి తీసిన ప్రకటనల్లో ముఖాలు లేవు, అలంకారాలు అతి తక్కువ. సీసాలు, డబ్బాలే ఉంటాయి.

లిప్‌స్టిక్‌లు, క్రీములకు ఈ బాధలు తక్కువ. లిప్‌స్టిక్ కొన మీద గోటి గీత కూడా పడకూడదు, వేడి లైట్ల కింద ఉంచకూడదు, అంతే. క్రీమును గాజు పలక మీద ఒకే విసురులో గరిటెతో పులమాలి. రెండోసారి సరిదిద్దితే ఆ తాజాదనం పోతుంది.

అన్నిటికంటే కష్టం బంగారు పూత మూత. గాజు మీది ప్రతిబింబాన్ని పోలరైజర్ ఫిల్టరుతో, తగిన కోణంలో, చాలావరకు తగ్గించవచ్చు, కానీ లోహం మీద ఆ ఫిల్టరు అలా పనిచేయదు. గాజుకు సరిపోయిన వెలుతురు మూతకు సరిపోదు. అందువల్ల సీసాను కదల్చకుండా మూతకు వేరే అమరికతో మరో ఫోటో తీసి, తర్వాత రెండింటినీ కలుపుతాము. ఈ సంగతి క్లయింటుకు ముందే చెప్పేస్తాను, బిల్లులో కూడా అది విడిగానే ఉంటుంది.