13 శాతం, 30 శాతం రాసి మార్కులు పోగొట్టుకున్నాను

ఫ్రెండ్స్, సివిల్స్ ఫైనల్ లిస్టులో నా నంబర్ చూసుకుని నాలుగు రోజులైంది. ఇంటికి ఎవరొచ్చినా మా బాపు ఇంకా ఆ పీడీఎఫ్ తీసి, నా పేరు దగ్గర వేలు పెట్టి చూపిస్తున్నాడు. చాలామంది బుక్‌లిస్ట్ అడుగుతున్నారు. అది మీ అందరి దగ్గరా ఉన్నదే. నేను ఒక్క ఆన్సర్ గురించి చెప్తాను. రెండో అటెంప్ట్‌లో మెయిన్స్ పోయాక నా కళ్లు తెరిపించింది అదే.

నాది జాగ్రఫీ ఆప్షనల్. ఆర్కిటిక్ అంటే ధీమాగా ఉండేవాణ్ణి. మెయిన్స్ జనరల్ స్టడీస్ మొదటి పేపర్, అంటే జీఎస్-1లో, 2015లో ఆర్కిటిక్ చమురు గురించి, 2018లో అక్కడి వనరుల మీద భారత్ ఆసక్తి గురించి అడిగారని మీకు తెలుసు. అమెరికా జియలాజికల్ సర్వే 2008 అంచనా నాకు కంఠతా వచ్చు. ప్రపంచంలో ఇంకా కనుగొనని చమురులో 13 శాతం, గ్యాస్‌లో 30 శాతం అక్కడే, చమురు 9,000 కోట్ల బ్యారెళ్లు. రష్యాలో యమాల్ గ్యాస్, నోరిల్స్క్ నికెల్, స్వీడన్‌లో కిరునా ఇనుము, కెనడా వజ్రాలు, అన్నీ మ్యాప్ మీద నిమిషంలో పెట్టేసేవాణ్ణి.

ఆ ఏడాది ఎనిమిది మార్కుల తేడాతో ఇంటర్వ్యూ కాల్ పోయింది. అన్నింటికంటే తక్కువ మార్కులు జీఎస్-1లోనే. తర్వాత రాసిన ఒక టెస్ట్‌లో ఈ ప్రశ్న వచ్చింది: ‘ఉత్తర ధ్రువ ప్రాంతాల్లో వనరుల తవ్వకం అక్కడి ప్రజల అభివృద్ధికి దారితీసిందా? చర్చించండి.’ 15 మార్కులకు నాకు వచ్చినవి 4. కాపీ మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో రెండే ముక్కలు: ‘ఏం దొరుకుతుందో రాశావు. ఎవరికి దక్కిందో రాయలేదు.’

కోపం వచ్చింది. మూడు రోజులు పుస్తకం ముట్టలేదు, బస్సెక్కి ఇంటికి వెళ్లిపోయాను. మాది బొగ్గు గనుల ఊరు. అమ్మమ్మ వాళ్ల ఊరు ఓపెన్‌కాస్ట్ కింద పోయింది, ఇప్పుడు వాళ్లు ఉండేది పునరావాస కాలనీలో. ఊరు ఖాళీ చేసినప్పుడు బొడ్రాయిని తవ్వి తీసి, ట్రాక్టర్ మీద గడ్డి పరిచి, దాని మీద పెట్టి తీసుకొచ్చారు. నేను చిన్నపిల్లాణ్ణి, ట్రాక్టర్ వెనకాలే నడిచాను. ఆ రోజు సాయంత్రం అమ్మమ్మ అరుగు మీద కూర్చుని నా ఆన్సర్ మళ్లీ చదివితే అందులో ఒక్క మనిషి కూడా కనిపించలేదు. నా కళ్ల ముందే జరిగిన విషయం నా పేపర్లో లేదు.

హైదరాబాద్ వచ్చాక పదకొండు రోజులు ఆ ఒక్క టాపిక్ మీదే కూర్చున్నాను. ప్రతి చోటికీ మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. తీసింది ఎవరు, డబ్బు ఎటు పోయింది, అక్కడ మిగిలింది ఏంటి.

ముందు కిరునా. స్వీడన్ ఉత్తర కొసన, ఆర్కిటిక్ వలయం లోపల, ప్రభుత్వ కంపెనీ ఎల్‌కేఏబీ ఇనుము తీసే ఊరు. గని లోతుకు పోయే కొద్దీ ఊరి కింద నేల కుంగుతుందని తేలింది. ఊరినే జరపాలని 2004లో ప్రకటించారు. 1912 నాటి చెక్క చర్చిని, 672 టన్నుల బరువున్నదాన్ని, 2025 ఆగస్టులో చక్రాల ట్రెయిలర్ల మీద 5 కిలోమీటర్ల దూరం రెండు రోజుల్లో తీసుకెళ్లారు. ఆ వీడియో చూస్తుంటే నాకు మా ట్రాక్టరే కనిపించింది.

అలాస్కా ఇంకా బాగా ఉపయోగపడింది. ప్రూడో బేలో 1968లో చమురు పడింది. పైప్‌లైన్ వేయాలంటే ముందు నేల ఎవరిదో తేల్చాలి. 1971 చట్టంతో అక్కడి మూలవాసులకు 4.4 కోట్ల ఎకరాలు, 96.25 కోట్ల డాలర్లు ఒప్పుకున్నారు. 1977లో చమురు పారింది. అంతకు ఏడాది ముందే, 1976లో, ఖనిజ రాయల్టీలో కనీసం 25 శాతం దాచిపెట్టాలని రాజ్యాంగ సవరణ చేసుకున్నారు. ఆ నిధి లాభాల్లోంచి 1982 నుంచి ప్రతి అలాస్కావాసికీ ఏటా డబ్బు వస్తోంది. కెనడాలో కథ వేరే. మెకంజీ లోయ పైప్‌లైన్ మీద విచారణకు వేసిన జడ్జి థామస్ బెర్గర్ ఊరూరూ తిరిగి మూలవాసుల మాట విన్నాడు. భూమి హక్కులు తేలేదాకా పదేళ్లు ఆగండని 1977లో రిపోర్ట్ ఇచ్చాడు. మన దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ ఎలా జరుగుతుందో చూసినవాళ్లకు ఈ కేసు ఎంత విలువైనదో అర్థమవుతుంది. ఇక నోరిల్స్క్‌ను ఖైదీల చేత కట్టించారు. 2020 మేలో డీజిల్ ట్యాంకు కూలి సుమారు 20 వేల టన్నులు బయటికి పోయింది. ఎప్పుడూ గడ్డకట్టి ఉండే నేల కరగడమే కారణమని కంపెనీ చెప్పింది.

ఇదే ఆన్సర్ మళ్లీ రాస్తే 15కు 8 వచ్చాయి. చమురు లెక్క ఒక్క వాక్యానికి తగ్గింది.

ఒక టాపిక్ మీద పదకొండు రోజులు వేస్ట్ చేశావని రూమ్‌మేట్స్ అన్నారు. ఇప్పటికీ ఒప్పుకోను. ఆ మూడు ప్రశ్నలతోనే బాక్సైట్, ఇసుక, డ్యాములు అన్నీ చదివాను. ఎస్సేలో వాడాను, ఎథిక్స్ కేస్ స్టడీలో వాడాను. మిగతా ప్రిపరేషన్ అందరిలాగే చేశాను: ప్రిలిమ్స్‌కి పాత ప్రశ్నలు, రోజుకు రెండు ఆన్సర్లు, ఆదివారం ఫుల్ టెస్ట్. పొద్దున నాలుగున్నరకి లేచాను, జ్వరమొచ్చినా లేచాను. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, టైమ్ లేదనకండి, ఫోన్ పక్కన పెడితే టైమ్ ఉంటుంది. ఒక టాపర్ కాపీని ఇంకొకరు బట్టీ పడితే ఎగ్జామినర్‌కి తెలిసిపోతుంది. కష్టపడ్డాను, అదృష్టం అంటే మాత్రం బాధేస్తుంది.

ఇంటర్వ్యూలో మా ఊరు చూసి ఒక మేడం అడిగారు: ‘అలాస్కాలాగా మీ జిల్లాలో కూడా ఇంటింటికీ డబ్బు పంచొచ్చు కదా?’ గనుల వాళ్లు కట్టే డబ్బుతో నడిచే, 2015లో వచ్చిన జిల్లా ఖనిజ నిధి గురించి చెప్పాను. మనది ఖర్చు పెట్టే నిధి, వాళ్లది ముందు దాచే నిధి, బొగ్గు అయిపోయాక పిల్లలకు మిగలాలంటే కొంత దాచాలి అన్నాను. ‘మీ అమ్మమ్మ ఏం అడుగుతారు?’ అన్నారు. ‘కాలనీలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి మేడం. ముందు మంచినీళ్లు అడుగుతుంది’ అన్నాను. ఆవిడ ఏదో రాసుకున్నారు. చైర్మన్ గారు తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.

ఆ పదకొండు రోజుల నోట్స్ మొత్తం ఆరు పేజీలు. ఆదివారం ఫోటోలు తీసి పెడతాను.